డీఎఫ్ నిండిపోయిందంటోంది, డీయూ కాదంటోంది: ఎక్కడ వెతకాలి?

ఉండి_లాకు:
భీమవరం దగ్గర రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులు ఎక్కించుకునే లైనక్స్ సర్వరండి. రూట్ డిస్కు 40 జీబీ, ఈఎక్స్‌టీ4. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండులో 100 శాతం. ఫైళ్ల సైజులు కూడే డీయూని సుడోతో (అడ్మిన్ హక్కులతో) కొడితే మొత్తం 22 జీబీయే. పెద్ద లాగు ఫైళ్లు ఆర్‌ఎమ్‌తో తీసేసినా జాగా రాలేదు. డీయూతోనే ఇంకా లోపలికి తవ్వాలా?

కోటిపల్లి_రేవు:
తవ్వి లాభం లేదండి. లాకు దగ్గర వదిలిన నీరూ చేలోకి చేరిన నీరూ ఒకటే లెక్క రావుగా! డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌ని అడుగుతుంది, డీయూ పేరున్న ఫైళ్లనే కూడుతుంది. తేడా 18 జీబీలో సుమారు 2 జీబీ రూట్ యూజరు (అడ్మిన్) కోసం అట్టేపెట్టిన 5 శాతం. మిగతా 16 జీబీ, పేరు పోయినా ఏదో ప్రోగ్రాము తెరిచే ఉంచిన ఫైళ్లది. "సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1" కొట్టండి, తెరిచున్న ఫైళ్లలో పేరు పోయినవి దొరుకుతాయి. ఆ సర్వీసు రీస్టార్ట్ చేస్తే జాగా తిరిగొస్తుంది.

లంక_గట్టు:
16 జీబీ మొత్తం దానిదేనని ఎలా తేల్చేశారండీ? కరెంటు పోయొచ్చాక బ్యాకప్ డిస్కు మౌంట్ కాకపోతే (తన ఫోల్డరుకి తగులుకోకపోతే), స్క్రిప్టు ఆ ఫైళ్లను రూట్ డిస్కు మీదే ఖాళీ ఫోల్డర్లో పోసేస్తుంది. తర్వాత డిస్కు మౌంటయితే అవి దాని కింద పడిపోతాయి. డీయూకి కనబడవు, ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కీ చిక్కవు. "మౌంట్ --బైండ్ / /ఎమ్‌ఎన్‌టీ" చేసి (రూట్ డిస్కు ఒక్కటే అక్కడ కనబడుతుంది), "డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 /ఎమ్‌ఎన్‌టీ" కొట్టి చూడండి.

ఇంకోటి. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ రీస్టార్ట్ ఏంటండి, రీడింగులు పోవూ? ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో పీఐడీ (ప్రోగ్రాము), ఎఫ్‌డీ (అది తెరిచిన ఫైలు) నంబర్లు చూసుకుని "సుడో ట్రంకేట్ -ఎస్ 0 /ప్రాక్/పీఐడీ/ఎఫ్‌డీ/నంబరు" అంటే చాలు, ఫైలు ఖాళీ అవుతుంది. లాగు ఫైలైతేనే సుమా, డేటాబేస్ ఫైలు మీద ఈ పని చేయకండి.

కోటిపల్లి_రేవు:
మౌంట్ సంగతి ఒప్పుకుంటా, కానీ అది తర్వాత చూడాల్సింది. ఆర్‌ఎమ్ చేశాకే జాగా రాలేదంటున్నారుగా, అందుకే ముందు ఎల్‌ఎస్‌ఓఎఫ్. ట్రంకేట్‌లోనూ మెలికుంది. ప్రోగ్రాము లాగును అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ ఫైలు చివరే రాసే పద్ధతిలో) తెరవకపోతే పాత ఆఫ్‌సెట్ (ముందు ఆగిన చోటు) నుంచే రాస్తుంది. పేరున్న లాగుని అలా ఖాళీ చేస్తే ఎల్‌ఎస్‌లో మళ్లీ పాత సైజే కనబడుతుంది, మధ్యదంతా డిస్కులో జాగా పట్టని బొక్క. డీయూలో మాత్రం చిన్నదే. పాత లాగులు పక్కకి తీసే లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ (కాపీ తీసి అసలుది ఖాళీ చేయడం) పెట్టినా ఇదే తంతు. సర్వీసుకి సిగ్నల్ పంపి లాగు కొత్తగా తెరిపించుకోవడమే మేలు.

పాలకొల్లు_రోడ్డు:
ఐనోడ్ల (ఫైలుకొకటి చొప్పున ఉండే ఎంట్రీల) లెక్క చూపే డీఎఫ్ -ఐ కూడా చూడండి. సెన్సర్లు రీడింగుకో ఫైలు పెడుతుంటే ఐనోడ్లు అయిపోయి, జాగా ఉన్నా "నో స్పేస్ లెఫ్ట్" అంటుంది. ఇక్కడ అది కాదనుకోండి. డీయూ లాంటిదే, మెనూలా తిరిగి చూసుకునే ఎన్‌సీడీయూ వేసుకుంటే వెతకడం సుఖం. అర్జెంటుగా జాగా కావాలంటే "ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎమ్ 1"తో ఆ అట్టేపెట్టిన 5 శాతాన్ని 1కి దించండి, ఒకటిన్నర జీబీ చేతికొస్తుంది.

లంక_గట్టు:
నిండిన డిస్కు మీద ఇంకా ఇన్‌స్టాల్ ఎందుకండీ, డీయూ, సార్ట్ -హెచ్ చాలు. ఆ 5 శాతం డేటా డిస్కు మీదైతే తగ్గించుకోండి, రూట్ డిస్కు మీద వద్దు. నిండిపోయినప్పుడు రూట్ సర్వీసులు రాసుకునేది అందులోనే.