విండోస్ 10 నుంచి 11కి మారినవాళ్లు చెప్పండి: అప్‌డేట్లు ఎలా అదుపులో పెడుతున్నారు? (గజపతి, రాయగడ, గంజాం, గడ్చిరోలి, నాందేడ్ వైపు)

మహేంద్రతనయ, పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. మాది డీటీపీ, ఆన్‌లైన్ షాపు. పెళ్లికార్డులు తెలుగులోనూ ఒడియాలోనూ కొడతాం. తహసీల్దారు ఆఫీసుకి వెళ్లే దరఖాస్తులు ఒడియాలో, పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లవి తెలుగులో. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, ఇంకా నాన్చడం మంచిది కాదని మారదామనుకుంటున్నాను. షాపులో రెండు కొత్త మెషిన్లు ఉన్నాయి, వాటికి 11 పడుతుందని చూపిస్తోంది. ఇవి కాక ఇంకో రెండు: ఒకటి ఆరో తరం ఐ3. ఇంకొకటి విండోస్ 7 మీద పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం), అను తెలుగు ఫాంట్ల కోసమే ఉంచిన పాత డబ్బా.

మారడం కంటే మారాక సంగతి నాకు ఎక్కువ టెన్షన్. మాకు నెట్ అంతా ఫోన్ హాట్‌స్పాట్ మీదే. ముహూర్తాల రోజుల్లో కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగా అప్‌డేట్ మొదలైతే ఏం చెప్పాలి? అలాగని పూర్తిగా ఆపేస్తే షాపులో జనాల ఆధార్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్లు ఉంటాయి, అదీ భయమే. ఇప్పటికే మారినవాళ్లు ఎలా చేశారో వివరంగా చెప్పండి.

గుణుపురం సర్వీస్
అన్నా, ముందు ఆ రెండు మెషిన్ల మాట. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ టూల్ సరే అందంటే దాదాపు దారి ఉన్నట్టే. 11కి కావలసినవి టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (మెషిన్ లేచేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చేది), యూఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్), కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా. ఇంటెల్ అయితే 8వ తరం నుంచి. 4 జీబీ కాగితం మీద రూలు మాత్రమే, షాపు పనికి 8 జీబీ, ఎస్ఎస్‌డీ లేకుండా ఎక్కించకండి.

మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం "టీపీఎం లేదు" అని చూపించేవే. చాలావాటిలో అది బోర్డులో ఉంటుంది, బయోస్‌లో, అంటే మెషిన్ మూల సెట్టింగ్స్‌లో, ఆఫ్ చేసి ఉంటుంది, అంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. ఆన్ చేస్తే సరిపోతుంది. రెండో అడ్డంకి, హార్డ్ డిస్క్‌ని భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండడం. దాన్ని జీపీటీకి మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ విండోస్‌లోనే ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. అయినా బ్యాకప్ వేరే డిస్క్‌లోకి తీయకుండా దాన్ని ముట్టుకోవద్దు. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకూడదు.

ఆరో తరం ఐ3కి అడ్డదారిలో 11 ఎక్కించే పద్ధతులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. అలా ఎక్కించిన మెషిన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు ఉండే మెషిన్‌కి ఆ పని నేను చెయ్యను. దాన్ని 10 మీదే ఉంచి ఈఎస్‌యూలో (సపోర్ట్ అయిపోయాక కూడా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే మైక్రోసాఫ్ట్ పథకం) చేర్చండి.

బరంపురం మాస్టారు
ఈఎస్‌యూ గురించి నేను చెబుతాను బాబూ, నా లాప్‌టాప్‌కి అదే తీసుకున్నాను. రిటైరయ్యాక పాఠాలు, వ్యాసాలు అన్నీ దాని మీదే రాసుకుంటున్నాను, పారెయ్యడానికి మనసు రాలేదు.

విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరమని లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్‌ని ఖాతాతో సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదా 1000 రివార్డ్ పాయింట్లు, అదీ కాదంటే 30 డాలర్లు. ఒకే ఖాతా మీద 10 మెషిన్ల వరకు చేర్చవచ్చు. భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. కొత్త హంగులేవీ రావు, నాకు కావలసిందీ అదే.

కానీ ఇది ఇళ్లలో వాడుకునేవాళ్ల పథకం అని గుర్తుంచుకోండి. ఆఫీసులకి, సంస్థలకి వేరే పథకం ఉంది, దానికి ఏటేటా డబ్బు కట్టాలి.

సిరోంచ ఆన్‌లైన్ సెంటర్
మాది గడ్చిరోలి జిల్లా చివర, గోదావరి దాటితే కాళేశ్వరం. మా దగ్గర నెట్ మాట అడగొద్దు. 11 ఎక్కించే ఐఎస్ఓ ఫైలే 5 జీబీ దాటుతుంది. అందుకని మంచిర్యాల పోయినప్పుడు అక్కడ మా బావమరిది ఇంట్లో మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్ డ్రైవ్ చేసుకొచ్చాను. 8 జీబీది చాలు. దాన్ని పెట్టి సెటప్ నడిపి, ఫైళ్లూ ప్రోగ్రాములూ ఉంచమని ఎంచుకున్నాం. డేటా ఎక్కడిదక్కడే ఉంది.

తర్వాత హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా, అంటే డేటా పొదుపుగా వాడాల్సిన నెట్‌గా, పెట్టాను. వైఫై ప్రాపర్టీస్‌లో ఒక్క బటన్. దాంతో పెద్ద అప్‌డేట్లు తమంతట తాము దిగవు. మహేంద్రతనయ అన్నా, మీకు నాలుగు మెషిన్లు అన్నారు కదా, డెలివరీ ఆప్టిమైజేషన్ తప్పకుండా చూడండి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది. మీ లోకల్ నెట్‌వర్క్‌లోని మెషిన్ల నుంచి మాత్రమే అని పెడితే, ఒకటి దించుకున్న అప్‌డేట్‌ని రెండోది దాని దగ్గర నుంచే తీసుకుంటుంది. ఇంటర్నెట్‌లోని మెషిన్లు అన్నదాన్ని ఎంచుకోవద్దు, మీ డేటాతో ఎవరికో పంపుతుంది.

మేము చూసుకోవలసిన ముఖ్యమైనది వేలిముద్ర మెషిన్. మారే ముందే తయారీదారు సైట్‌లో 11కి 64 బిట్ డ్రైవర్, ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ పనులకి వేలిముద్ర మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నాయా అని చూశాను. పెన్షన్ కోసం ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. వాళ్లని రేపు రమ్మనడం నాకు ఇష్టం లేదు. అందుకని ముందు ఒక్క మెషిన్ మార్చి, అందులో ఆధార్ లావాదేవీలు సరిగ్గా పడుతున్నాయని తేలాకే రెండోది ముట్టుకున్నాను.

రాజురా కుర్రాడు
ఇంత తిప్పలు ఎందుకన్నా? సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని డిసేబుల్ చేస్తే పీడా పోతుంది. మా చంద్రపూర్‌లో గేమింగ్ దోస్తులంతా అదే చేస్తారు.

గుణుపురం సర్వీస్
వద్దు తమ్ముడూ. 2017 మే నెలలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. దాన్ని ఆపే ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చేసింది. వేసుకోని మెషిన్లే దొరికిపోయాయి. ఆంధ్ర పోలీసు శాఖ కంప్యూటర్లకి కూడా తగిలింది అప్పుడు. గేమ్ పోతే మళ్లీ ఎక్కించుకుంటావు. షాపులో కస్టమర్ల ఫైళ్లు లాక్ అయితే ఎవరికి చెప్పుకుంటాం?

ఇంకో సంగతి కూడా ఉంది. సెక్యూర్ బూట్‌కి వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి ముగుస్తోంది. వాటి బదులు 2023వి అప్‌డేట్ల ద్వారానే వస్తాయి. మొత్తం ఆపేసినవాళ్లకి అవి అందవు. అప్‌డేట్ ఎప్పుడు పడాలన్నది మనం చెప్పాలి గానీ, పడకూడదని చెప్పకూడదు.

నేను అన్ని షాపులకీ పెట్టి ఇచ్చే పద్ధతి ఇది. నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది. అమెరికా పడమటి తీరంలో పొద్దున పది అంటే మనకి ఆ రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే బుధవారం పొద్దున షాపు తెరిచేసరికి మన మెషిన్ దాన్ని చూస్తుంది. ఆ మంగళవారం సాయంత్రమే పాజ్‌లో ఒక వారం పెట్టేయండి. ఏదైనా లోపం ఉంటే ఆ వారంలో లోకమంతా గోల పెడుతుంది, మనకి తెలిసిపోతుంది. గోల లేకపోతే తర్వాతి ఆదివారం మధ్యాహ్నం, షాపు మూసి ఉన్నప్పుడు, రెజ్యూమ్ కొట్టి వేసుకోవాలి. పాజ్ గరిష్ఠంగా 5 వారాలే ఉంటుంది, ఆ తర్వాత వేసుకోకుండా మళ్లీ పాజ్ ఇవ్వదు. పెళ్లిళ్ల సీజన్ అడ్డం వస్తే ఆ 5 వారాలు వాడుకోండి.

యాక్టివ్ అవర్స్‌ని మాన్యువల్‌గా పొద్దున 6 నుంచి రాత్రి 12 వరకు పెట్టండి. 18 గంటల వరకే ఇస్తుంది. ఆ సమయంలో తనంతట తాను రీస్టార్ట్ అవదు. "గెట్ ది లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్" అని మొదలయ్యే బటన్ ఆఫ్‌లో ఉండాలి. నెలాఖరులో వచ్చే ప్రివ్యూ అప్‌డేట్లు మనకి అక్కర్లేదు.

ప్రో ఎడిషన్ ఉంటే ఇంకా పట్టు దొరుకుతుంది. గ్రూప్ పాలసీలో టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ అని ఉంటుంది. అందులో విండోస్ 11, 25హెచ్2 (వెర్షన్ పేరు) అని రాస్తే అక్కడే నిలబడుతుంది, భద్రతా అప్‌డేట్లు మాత్రం వస్తూనే ఉంటాయి. 24హెచ్2కి హోమ్, ప్రోల్లో సపోర్ట్ గడువు 2026 అక్టోబర్ 13, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12. కాబట్టి 25హెచ్2 మీద నిలపడమే మేలు. అప్‌డేట్లతో డ్రైవర్లు కలపవద్దనే పాలసీ కూడా అక్కడే ఉంది, సిరోంచ అన్న వేలిముద్ర మెషిన్‌కి, పాత ప్రింటర్లకి అది బాగా పనికొస్తుంది. హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు, పాజ్, యాక్టివ్ అవర్స్, మీటర్డ్, ఇవే దిక్కు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
చాలా చాలా థాంక్స్ తమ్ముడూ. బుధవారం లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. ఫాంట్ల సంగతి ఎవరైనా చెప్పండి. మా పాత దరఖాస్తు నమూనాలన్నీ గౌతమి, కళింగ ఫాంట్లలో ఉన్నాయి.

బరంపురం మాస్టారు
మా అమ్మాయి కొత్త లాప్‌టాప్‌లో ఇదే చూశాను. నా వర్డ్ ఫైల్ తెరిస్తే అక్షరాలన్నీ చక్కగానే ఉన్నాయి, కానీ ఒక్క పేజీ ఉత్తరం రెండో పేజీకి జారింది. సంతకం గీత కింద పేరు వేరే కాగితం మీదికి పోయింది. ఫాంట్ పేరు దగ్గర గౌతమి అనే ఉంది, నిజానికి ఆ ఫాంట్ మెషిన్‌లో లేదు, దాని బదులు నిర్మలా యూఐతో చూపిస్తోంది. 10, 11ల్లో గౌతమి, వాణి ఫాంట్లు విడిగా తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే పేరుతో ఉంటాయి. 11లో అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, 10లో అయితే యాప్స్, అందులో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి కలుపుకోవాలి. ఒడియా సప్లిమెంటల్ ఫాంట్స్‌లో కళింగ ఉంటుంది. మహారాష్ట్ర వైపువాళ్లు మరాఠీ కాగితాలకి వాడే మంగల్ దేవనాగరి సప్లిమెంటల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఇవి కలపగానే ఉత్తరం మళ్లీ ఒక్క పేజీలో సర్దుకుంది. కొత్త మెషిన్ మీద మొదటి ప్రింటు తీసేలోపే ఈ పని చెయ్యండి బాబూ.

జయపురం
అను గురించి నా మాట. అవి యూనికోడ్ (అన్ని మెషిన్లకీ ఒకటే అక్షరాల పద్ధతి) ఫాంట్లు కావు కాబట్టి పాత ఫైళ్లకి ఆ ఫాంట్ ఫైళ్లే కావాలి, మెషిన్ మార్చేటప్పుడు ఫాంట్ల ఫోల్డర్ కాపీ తీసి పెట్టుకోండి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. దాన్ని 11 మీద బతికించడానికి రోజులు పోగొట్టుకోవడం కంటే మీ విండోస్ 7 డబ్బాని నెట్‌కి కలపకుండా అలాగే ఉంచండి. విండోస్ 7కి 2020 జనవరి 14నే సపోర్ట్ పోయింది, కేబుల్ పీకెయ్యాలి, వైఫై ఆపెయ్యాలి. ఫైళ్లు పెన్ డ్రైవ్‌తో మార్చుకుంటూ, ఆ డ్రైవ్‌ని 11 మెషిన్‌లో స్కాన్ చేస్తూ ఉండండి. కొత్త పని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టండి.

నేనైతే ఇంట్లో లినక్స్ మింట్‌కి మారాను. అది ఐదో తరం లాప్‌టాప్. తెలుగు, ఒడియా రెండూ బాగా కనిపిస్తాయి, అప్‌డేట్ మేనేజర్ మనం అడిగితేనే వేస్తుంది. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్ చాలనుకునే ఇళ్లకి మంచి దారి. వేలిముద్ర మెషిన్, అను ఉన్న షాపుకి నేను చెప్పను.

ధర్మాబాద్ లెక్కలు
మిర్చి అడత్ మాది. డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రోలో ఖాతాలు ఇంకా నడుస్తున్నాయి, 32 బిట్ విండోస్ 10 మీద. 11 పెడితే నడుస్తాయా?

గుణుపురం సర్వీస్
నేరుగా నడవవు సార్. 11లో 32 బిట్ వెర్షనే లేదు, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు తెరుచుకోవు. డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్ పెట్టి అందులో నడిపించవచ్చు, ప్రింటు దగ్గర మాత్రం కొంచెం కష్టపడాలి. ముందు ఖాతాల ఫోల్డర్ మొత్తం కాపీ తీసి వేరే మెషిన్‌లో పరీక్షించండి, పాతదాన్ని అప్పటిదాకా కదపకండి. ఇంకో మాట, 32 బిట్ 10 నుంచి 11కి మీద మీద అప్‌గ్రేడ్ అవదు, కొత్తగా ఎక్కించాల్సిందే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
సరే, నా ప్లాన్ చెబుతాను. ముందు కొత్త వాటిలో ఒకటి పెన్ డ్రైవ్‌తో మారుస్తాను, సప్లిమెంటల్ ఫాంట్లు కలుపుతాను, ప్రింటర్, స్కానర్, ఒడియా టైపింగ్ అన్నీ చూస్తాను. మిగతావి అప్పటిదాకా అలాగే. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి గడువు ఎంత?

గుణుపురం సర్వీస్
మామూలుగా 10 రోజులు. రికవరీలో గో బ్యాక్ అని ఉంటుంది. డిస్మ్ కమాండ్‌తో 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, కానీ ఆ గడువు లోపలే పెంచాలి, పాత విండోస్ ఉండే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌ని డిస్క్ క్లీనప్‌లో తీసెయ్యకూడదు.

మారే ముందు ఇంకొక్క పని. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కించిన 11లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. తర్వాత ఎప్పుడైనా బయోస్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ ఖాతా పేజీలో దొరుకుతుంది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఖాతా పాస్‌వర్డ్ కూడా షాపు కుర్రాడి దగ్గర కాకుండా మీ దగ్గరే ఉంచుకోండి.