అక్టోబరు మొదటి శనివారం డాలస్ సభ: తిరుపతి అవ్వాతాతల గంట, ఎవరికి ఏ పని

సమన్వయం (డాలస్):
అందరికీ నమస్కారం. మన చిత్తూరు, తిరుపతోళ్ళ సభలో ఈసారి ఒక గంట, తిరుపతి సీనియర్ కమ్యూనిటీలో ఉండే పెద్దవాళ్ళకూ వాళ్ళను చూడబోయే చర్చి వాళ్ళకూ ఇస్తా ఉండాము. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం, ఆ వారమే సరిపోతుంది. 14 మంది ఒప్పుకున్నారు. ఒక్కొక్కరికి చర్చి నుంచి ఇద్దరు, మన బిడ్డల్లో ఒకరు. ముందు టైము తేల్చండి. అప్పటికి ఇక్కడ సమ్మర్ టైమే నడుస్తుంటుంది, తిరుపతి మనకన్నా 10 గంటల 30 నిమిషాలు ముందు.

హాలు, టిఫిన్లు (డాలస్):
శుక్రవారం రాత్రి 8.30 పెడదాం. అక్కడ శనివారం పొద్దున 7 అవుతుంది. హాలు సులువుగా దొరుకుతుంది, ఆఫీసు నుంచి నేరుగా వచ్చేస్తారు. అక్కడ పైటాలకు, అంటే మధ్యాహ్నానికి, మన లెక్కలో చికెన్ బిర్యానీ తెప్పిద్దాం.

చర్చి వైపు (తిరుపతి):
రెండూ కుదరవన్నా. పొద్దున 7 అంటే స్నానాలు, ఇన్సులిన్, టిఫిన్ అన్నీ ఒకేసారి. ఆ హడావుడిలో కుర్చీలో కూర్చోబెడితే మాట్లాడేది కెమెరాతో, చూసేది ప్లేటు వైపు. ఇంగ ఆ రోజు పెరటాశి (అరవ నెల) శనివారం, వెంకటేశ్వరస్వామికి మొక్కే రోజు. ఒక్కపొద్దు ఉండి, స్వామికి తళిగ (నైవేద్యం) వేసినాకే తినేవాళ్ళు ఉండారు. ఆ వాకిట్లోకి బిర్యానీ డబ్బాలు పంపితే అడగని పంచాయితీ.

సాయంత్రం 6 పెట్టండి, మీకు పొద్దున 7.30. ఇక్కడ 7కు భోజనం గంట కొడతారు, 6.50కి ముగించాలి. తినేదానికి పులిబొంగరాలు (పులిసిన దోసెపిండి గుంతపొంగణాలు) చాలు, మెత్తగా ఉంటాయి. నిప్పట్లు (చెక్కలు), మనుగుబూలు (మురుకులు) కట్టుడుపళ్ళకు ఆగవు. షుగర్ ఎవరికుందో నర్సు దగ్గర లిస్టు ఉంటుంది, అది చూడకుండా ఓళిగలు పంచొద్దు.

హాలు, టిఫిన్లు (డాలస్):
పొద్దున 7.30కి మనోళ్ళు వస్తారంటావా తమ్ముడూ? సరే, ఇడ్లీ, ఊరిబిండి (చట్నీ) అని వేస్తే వస్తారు. స్కూల్ కెఫెటేరియా అడుగుతా, ఇన్సూరెన్సు కాగితం వాళ్ళకు ముందే ఇవ్వాలి.

సమన్వయం (డాలస్):
సాయంత్రం 6 ఖాయం. జతలు ఎట్లా కుదురుస్తారో కొంచెం వివరంగా రాయండి. ఇక్కడ చాలామంది అదేదో క్రిస్మస్ కేరల్స్ లాంటిదే అనుకుంటా ఉండారు.

చర్చి వైపు (తిరుపతి):
ఆ కేరల్స్ పద్ధతే వద్దంటున్నాము. ఇరవైమంది వస్తారు, మూడు పాటలు, ఒక దుప్పటి, ఒక ఫోటో. వారం తిరిగేసరికి వచ్చిందెవరో పెద్దవాళ్ళకు గుర్తుండదు, దుప్పట్లు మాత్రం బీరువాలో పేరుకుంటాయి. సభకు ముందే మా జత పోయి వాళ్ళ పెద్దవాళ్ళను ఆరుసార్లు కలిసుండాలి. వారం విడిచి వారం, ఆదివారం మధ్యాహ్నం 3.30 నుంచి 4.30. నిద్ర లేచి టీ తాగే వేళ అది. జూలై రెండో వారంలో మొదలుపెడితే సెప్టెంబరు చివరికి ఆరు పూర్తయ్యి, ఒక వారం చేతిలో మిగులుతుంది.

జతలో ఒకరు 8, 9 తరగతి బిడ్డ, ఒకరు నలభై దాటినవాళ్ళు. బిడ్డకు పరీక్షలొస్తే ఆ నలభై దాటినవాళ్ళు, వాళ్ళకు పెళ్ళిళ్ళుంటే బిడ్డ, ఇంకొకరిని తోడు తీసుకుని పోతారు. ఒక్కరినే పెడితే మూడోసారికి తెగిపోతుంది. గదిలోకి ఎవరూ ఒంటరిగా పోరాదు, తలుపు తెరిచే ఉండాల. డబ్బు తీసుకోవడం, ఏటీఎం పనులు, సంతకాలు మన పని కాదు. ఎవరైనా పెద్దాయన ఇంట్లోవాళ్ళ వేధింపు సంగతి చెబితే బిడ్డతో మోయించొద్దు, మేనేజరుకు చెప్పండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు జత కార్డు మీద రాసుంటుంది.

మొదటిసారి అరగంటే. చేతికి పని లేకపోతే బిడ్డ ఫోన్ తీస్తుంది, తాత టీవీ పెడతాడు. అందుకే పులిజూదం. చార్టు మీద 23 చోట్ల పటం గీసి, 3 పులులకు సీసా మూతలు, 15 మేకలకు చింతగింజలు. నేర్పేది తాతే, బిడ్డకు రాకపోవడమే మేలు. అవ్వలకు వామనగుంటలు: రెండు వరసల్లో ఏడేసి గుంటలు. వేళ్ళు వణికేవాళ్ళకు చింతగింజలు జారిపోతాయి, పెద్ద గచ్చకాయలు ఇవ్వండి.

"మీ చిన్నప్పటి విషయాలు చెప్పండి" అని అడిగితే "ఏముందిలే నాయనా" అంటారు. గంగజాతరలో ఏ వేషం కట్టినారు, బెల్లం గానుగ కాడ రాత్రి కాపలా ఎవరు, తోతాపురికి అప్పుడు రేటెంత అని అడగండి, గంట చాలదు. చిత్తూరు వైపు వాళ్ళల్లో కొందరికి మాట మధ్యలో అరవం దొర్లుతుంది, అరవం వచ్చిన బిడ్డనే వాళ్ళకు జత చేసినాము. వేలూరు ఆస్పత్రి అపాయింట్‌మెంట్లు ఉన్నవాళ్ళ తేదీలు ముందే అడిగి పెట్టుకున్నాము.

ఇంకొకటి. అక్కడ ఉండేవాళ్ళంతా క్రైస్తవులు కారు. కరపత్రాలు సంచిలో కూడా పెట్టుకోవద్దని యూత్‌కు గట్టిగా చెప్పినాము. ప్రార్థన వాళ్ళుగా అడిగితేనే, గదిలోనే, నెమ్మదిగా. దగ్గు, జలుబు ఉంటే ఆ వారం పోకుండా ఫోన్ చేస్తే చాలు.

ఖజానా (డాలస్):
మంచాలు, వీల్‌చైర్లకు ఇక్కడ వసూలు చేసి పంపుదామా?

చర్చి వైపు (తిరుపతి):
వద్దక్కా. విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదుండాలి, అది కూడా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఎవరిదో సొంత ఖాతాకు పంపి ఇక్కడ నగదు తీసిస్తే చిక్కుల్లో పడేది సంస్థే. ఇండియా పౌరసత్వం ఉన్నవాళ్ళు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళది వస్తుంది. సంఘం ఖాతా నుంచి రూపాయి కూడా కదలొద్దు.

సౌండు, వీడియో (డాలస్):
జూమ్ ఉచిత ఖాతాలో గ్రూపు మీటింగు 40 నిమిషాలకే తెగుతుంది, సంఘం ఖాతాతో పెడతాము. తిరుపతి వైపు ఒకే ల్యాప్‌టాప్, ఒకే మైకు. పక్కన ఇంకో ఫోన్ కాల్‌లో ఉంటే గీ అని మోత. అక్టోబరులో వానలు మొదలవుతాయి గనక వైఫై కాక ఒక ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టండి, ల్యాప్‌టాప్ నిండా ఛార్జింగు.

వయసుతో ముందు పోయేది సన్న గొంతులు వినే శక్తి, మన బిడ్డలవేమో సన్న గొంతులే. అరవడం కాదు, నిదానంగా, గొంతు కొంచెం దించి మాట్లాడమనండి. అక్కడ ఫ్యాను తగ్గించి, టీవీ ఆపాలి. చెవి మిషన్ల బ్యాటరీ ముందు రోజే చూడండి. 312 సైజుకు గోధుమరంగు స్టిక్కరు, 13కు నారింజ. స్టిక్కరు పీకి ఒక నిమిషం గాలికి ఉంచినాకే మిషన్లో పెట్టాలి, ఆ బ్యాటరీ గాలితోనే పనిచేస్తుంది.

ఉత్తరాలు (డాలస్):
మన బిడ్డల్లో తెలుగు రాయగలిగేవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు రెండు నిమిషాల వాయిస్ పంపితే తిరుపతి యూత్ రాసి, ఏ4 మీద 20 పాయింట్ల పెద్ద అక్షరాల్లో ప్రింటు తీస్తారు. వరసల మధ్య ఎడం ఎక్కువ పెట్టించండి, లేకపోతే వత్తులు కింది వరసలో కలిసిపోతాయి. ఫోటో వెనక బిడ్డ పేరు, ఊరు రాయాలి. ఫేస్‌బుక్‌లో పెట్టేముందు పెద్దవాళ్ళనే అడగాలి, వాళ్ళ కొడుకుల్ని కాదు.

సమన్వయం (డాలస్):
ఈ ఆరుసార్లు కలిసే లోపల పెద్దవాళ్ళల్లో ఎవరికైనా ఒంట్లో బాగలేక ఆస్పత్రిలో చేరితే, అంతకన్నా పెద్దదేమైనా జరిగితే?

చర్చి వైపు (తిరుపతి):
బిడ్డకు గది గుమ్మం దగ్గర తెలియకూడదు. మేనేజరు మాకు ఫోన్ చేస్తారు, చర్చి పెద్ద ఒకరు అదేరోజు బిడ్డ ఇంటికి పోయి అమ్మానాన్నల ముందర చెబుతారు. డాలస్ బిడ్డకు మీరు అట్లనే చెప్పండి. వెంటనే కొత్త జత కుదర్చొద్దు. ఆ గంటలో పెద్దవాళ్ళ కుర్చీలు పేర్ల వరసన కాకుండా గుండ్రంగా వేయండి, ఒకటి తగ్గినా ఖాళీ కనబడదు.

హాలు, టిఫిన్లు (డాలస్):
ఇక్కడ కూడా గుండ్రంగానే వేయిస్తా. ఇడ్లీకి ఎంతమందో జూన్ 20 లోపల చెప్పండి.