69 కమారో: ఒకటి నుంచి రెండో గేరుకి కుదుపు పోవట్లేదు

మిర్చియార్డ్ (డాలస్):
బండి కొని మూడు వారాలైంది. 1969 షెవర్లే కమారో ఎస్ఎస్ 396, నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సు (మన్సీ ఎం21). గుంటూరులో మారుతి 800 మీద నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక పదేళ్లుగా ఆటోమేటిక్కే. కదిలించడం బాగానే వచ్చింది. రెండో గేరులోకి మారిస్తే మాత్రం ప్రతిసారీ తల ముందుకి ఊగుతోంది. పక్కన మా ఆవిడ డోరు పట్టుకుని కూర్చుంటోంది. క్లచ్ ఇంకా నెమ్మదిగా వదలమంటున్నారు అందరూ. అలా వదిలితే వాసనొస్తోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బిగ్‌బ్లాక్ (హ్యూస్టన్):
తల ముందుకి ఊగిందంటే మీరు ఆలస్యం చేస్తున్నారు. వెనక్కి పోతే తొందరపడ్డట్టు. ఎం21లో ఒకటో గేరు నిష్పత్తి 2.20, రెండోది 1.64. ఒకటిలో 3000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర క్లచ్ తొక్కితే రెండులోకి వచ్చేసరికి ఇంజిన్ 2240 దగ్గర ఉండాలి. మీరు కాలు పూర్తిగా తీసేసి లీవర్ కదిపేలోపు అది 900కి పడిపోతోంది. ఇక క్లచ్ ఎంత నెమ్మదిగా వదిలినా అరిగేది ఆ ప్లేటే. యాక్సిలరేటర్ మీద కాలు కొద్దిగా ఆనించే ఉంచండి. సూది దిగుతూ 2300 దాటుతుండగా వదిలెయ్యండి.
ఇంకోటి, గేర్‌బాక్సులో ఏ ఆయిల్ ఉందో చూశారా? నా బండికి ఒక షాపులో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోశారు. దానిలోని గంధకం మందులు ఇత్తడి సింక్రో రింగులకి (గేరు పడేముందు వేగాలు కలిపేవి) పడవు. దీనికి జీఎల్-4 పొయ్యాలి.

పాత_లారీ (విజయవాడ):
మా నాన్నగారు లారీ నడిపేవారు. లీవర్ని పిడికిలి బిగించి పట్టుకుంటే చేతి మీద కొట్టేవారు. అరచెయ్యి ఆనించి నెట్టమనేవారు. న్యూట్రల్లో లిప్తపాటు ఆగితే గేరే లోపలికి లాక్కుంటుంది. అది వేళ్లకి తెలుస్తుంది, బిగించిన పిడికిలికి తెలీదు. కమారో నేను చూడలేదు గానీ, ఇత్తడి రింగు ఏ బండిలోనైనా చేసే పని అదే కదండీ.

ఈటైప్62 (లెస్టర్):
లారీ అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నాది 1962 జాగ్వార్ ఈ-టైప్, 3.8 లీటర్ల ఇంజిన్. దాని మాస్ గేర్‌బాక్సులో ఒకటో గేరుకి అసలు సింక్రోనే లేదు. నాలుగింటికీ సింక్రో ఉన్న గేర్‌బాక్సు 1964లో 4.2 లీటర్ల మోడల్‌తోనే వచ్చింది. బండి కదులుతుండగా ఒకటిలోకి వెయ్యాలంటే డబుల్ క్లచ్ తప్పదు. క్లచ్ తొక్కి న్యూట్రల్, వదిలి కొద్దిగా రేజ్ చేసి, మళ్లీ తొక్కి ఒకటి. వారం రోజులు గరగరలాడించాక కుదిరింది. ఇప్పుడు రెండు, మూడు గేర్లకి కూడా చెయ్యి దానంతటదే ఆగుతోంది.

మిర్చియార్డ్:
అందరికీ థాంక్సండీ. శనివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో రెండు గంటలు ఒకటి, రెండు మాత్రమే వేశాను. అరచెయ్యి ఆనించి, 2300 చూసుకుంటూ. ఇరవయ్యోసారో ఎప్పుడో లీవరు మెత్తగా జారింది, నడుముకి ఏమీ తెలియలేదు. ఆ తర్వాత పదింటికి ఏడెనిమిది అలాగే పడ్డాయి. ఆయిల్ రేపు మార్పిస్తున్నాను. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు మాత్రం ఇంకా కొడుతోంది.

బిగ్‌బ్లాక్:
అక్కడ లెక్క తిరగబడుతుంది. మూడోది 1.27. మూడులో 2000 ఉంటే రెండులోకి 2580 కావాలి. క్లచ్ వదిలేముందు ఒక్కసారి చిన్నగా రేజ్ ఇవ్వండి. ముందు 35 మైళ్ల లోపే చెయ్యండి.