అప్‌డేట్: బుగ్గల ఎరుపు, మంట – మూడు నెలల తర్వాత

బుగ్గలు, ముక్కు ఎర్రబడి మండుతున్నాయి, తిండి మార్చుకుంటే తగ్గుతుందా అని మూడు నెలల కిందట అడిగాను కదా. చర్మం డాక్టర్ చూసి రోజేషియా అన్నారు, అంటే ముఖం తరచూ ఎర్రబడి మండే చర్మ సమస్య. మొటిమలనుకుని నేను పూస్తున్న నిమ్మరసం, శనగపిండి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీమ్ అన్నీ ఆపించారు. క్రీమ్ ఆపాక రెండు వారాలు మంట ఇంకా పెరిగింది, చాలా భయమేసింది. అలా అవుతుందని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి ఓపిక పట్టాను.

ఏం తిన్నానో రోజూ రాసుకోమన్న మీ సలహా బాగా పనికొచ్చింది. ఆవకాయ అన్నం తిన్న పావుగంటకే చెంపలు వేడెక్కేవి. పొగలు కక్కే టీ తాగితే ఎరుపు, అదే టీ చల్లారనిచ్చి తాగితే ఏమీ లేదు! నాకు పడనిది టీ కాదు, వేడి. పెరుగు నాకు పడింది, అందరికీ ఒకేలా ఉండదట.

ఇప్పుడు సువాసన లేని క్లెన్సర్, గోరువెచ్చని నీళ్లు, మాయిశ్చరైజర్, జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్. టవల్‌తో రుద్దను, అద్దుకుంటాను. డాక్టర్ రాసిన అజెలాయిక్ యాసిడ్ జెల్ కూడా వాడుతున్నాను.

మంట చాలావరకు పోయింది. ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి లేజర్ కావాలట. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉంటే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కి చూపించుకోండి, రోజేషియా కళ్లకూ వస్తుంది.