ఆదివారం పొద్దున గ్రౌండుకా, గుడికా? మా పాప విషయంలో ఇంట్లో రగడ

అనంతపురం అమ్మ
అందరికీ వందనాలు. మా పాపకి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఎడమ చేత్తో స్పిన్ వేస్తుంది. ఎండాకాలం క్యాంపులో ఊరికే చేర్పించాం. కోచ్ సార్ ఇంటికొచ్చి మరీ "దీన్ని మాన్పించొద్దమ్మా" అని చెప్పి వెళ్లాడు. ఇప్పుడు జిల్లా సెలక్షన్స్ కోసం ప్రాక్టీసు. మిగతా రోజులు స్కూలు ఉంటుంది కాబట్టి మ్యాచ్‌లన్నీ ఆదివారమే, ఆరు నుంచి పదకొండు దాకా. మా చర్చిలో సండే స్కూల్ ఎనిమిదికి, ఆరాధన తొమ్మిదికి. ఏడు వారాలుగా పాప గుడికి రాలేదు.

మాది నాలుగు తరాల సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) క్రైస్తవ కుటుంబం. మా అత్తమ్మ పాపతో మాట మానేసింది. మా ఆయనేమో "ఆ తలాంతు (ప్రతిభ) ఇచ్చింది దేవుడే కదా" అంటాడు. "మరి ఆదివారం ఇచ్చిందెవరు?" అంటుంది ఆమె. మధ్యలో నాకు టెన్షన్. ఒక బైబిల్ వాక్యం పెట్టేసి వెళ్లిపోకుండా, మీ పిల్లల విషయంలో మీరేం చేశారో చెప్పండి.

రిటైర్డ్ హెడ్మాస్టర్, కడప
మాన్పించమ్మా. కఠినంగా ఉందనుకోవద్దు. ఎరిక్ లిడెల్ అని స్కాట్లండ్ పరుగు వీరుడు, 1924 పారిస్ ఒలింపిక్స్. వంద మీటర్ల హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడ్డాయని పరుగెత్తనన్నాడు. అది ఆయన సొంత పోటీ, గెలుస్తాడని అందరూ అనుకున్నది. వదిలేసి నాలుగు వందల మీటర్లలో దిగి బంగారు పతకం తెచ్చుకున్నాడు. తర్వాత మిషనరీగా చైనా వెళ్లాడు.

నా సంగతి కూడా చెప్తా. మా పెద్దోడు పదో తరగతిలో ఉన్నప్పుడు ఆదివారం ట్యూషన్ పెట్టించాను. ఒక్క ఏడాదే కదా అనుకున్నా. తర్వాత ఇంటర్, హాస్టల్, రెండేళ్లు. ఆ తర్వాత బీటెక్. ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగం. క్రిస్మస్‌కి వస్తాడు, మమ్మల్ని గుడి దగ్గర దింపుతాడు. ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద బైకు మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. దేవుని దినాన్ని పక్కకు నెట్టొచ్చని నేర్పింది నేనే.

కర్నూలు నాన్న
హెడ్మాస్టర్ గారూ, లిడెల్ కథ మీరు సగంలో ఆపేశారు సార్. యుద్ధంలో జపాన్ వాళ్లు ఆయన్ని చైనాలోనే నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడి పిల్లలు ఆదివారం హాకీ ఆడతామంటే మొదట ఒప్పుకోలేదు. రిఫరీ లేకుండా ఆడి వాళ్లు కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం ఈయనే వెళ్లి రిఫరీగా నిలబడ్డాడు. 1945లో ఆ శిబిరంలోనే చనిపోయాడు. తన పతకం కోసం ఆదివారాన్ని వదులుకోని మనిషి, పిల్లల కోసం వదులుకున్నాడు. నాకైతే పతకం కన్నా ఇదే పెద్ద విషయం.

2024 సెప్టెంబరులో మీ అనంతపురం ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు చివరి రోజు ఆదివారమే. మావాడూ నేనూ మొదటి ఆరాధన చూసుకుని బస్సెక్కాం. మధ్యాహ్నం నుంచి చూశాం. కుదుర్చుకుంటే కుదురుతుంది. ఇక యేసు చెప్పిన ఉపమానంలో, ఇచ్చిన తలాంతును వాడకుండా భూమిలో దాచినవాణ్ణి యజమాని ఎలా మందలించాడో మీ అత్తమ్మకి నేను చెప్పాల్సిన పని లేదు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, కడప
ఆ ఉపమానంలో తలాంతు అంటే డబ్బు నాయనా, వెండి తూకం. ఒక కూలివాడి పదిహేను ఇరవై ఏళ్ల సంపాదన. క్రికెట్ కాదు. శిబిరం సంగతి మాత్రం ఒప్పుకుంటాను.

సండే స్కూల్ టీచరమ్మ, కడప
వారానికి 168 గంటలు. అందులో ఒక్క గంట పిల్లలు నా దగ్గర ఉంటారు. మిగతా 167 మీ దగ్గర. అయినా విశ్వాసం అంతా నా గంటలోనే రావాలంటారు! బైబిల్లో పౌలు తన శిష్యుడు తిమోతికి విశ్వాసం ఎక్కడి నుంచి వచ్చిందని రాశాడు? "నీ అవ్వయైన లోయి", తర్వాత తల్లి యునీకే. తండ్రి గ్రీసుదేశస్థుడు, ఆయన విశ్వాసం గురించి ఒక్క మాటా లేదు. మన సీమలో పలికినట్టే అక్కడా అవ్వ అనే ఉంది చూడండి. అంత పెద్ద పని చేయగలిగిన అవ్వ పాపతో మాట మానేస్తే ఎలా? ఏడు వారాల సండే స్కూల్ పోయినదానికన్నా ఇది పెద్ద నష్టం. "మీ పిల్లలకు కోపము రేపక" అని కూడా రాసి ఉంది. ఇంట్లో రాత్రి ప్రార్థన జరుగుతోందా అమ్మా?

రిటైర్డ్ హెడ్మాస్టర్, కడప
ఇంటి ప్రార్థన గుడికి బదులు కాదు. "సమాజముగా కూడుట మానక" అన్నది కూడా వాక్యమే. జ్వరమొస్తే వచ్చి ప్రార్థన చేసేది, పెళ్లికి విస్తళ్లు వేసేది, శవాన్ని మోసేది సంఘం. ఆ మనుషులు పాపకి తెలియకుండా పోతారు. నా భయం అది.

గుత్తి రోడ్ తమ్ముడు
అందరూ ఇంత రాశారు. పాపని ఎవరైనా అడిగారా?

అనంతపురం అమ్మ
తమ్ముడూ, నీ మాట చదివి సిగ్గుపడ్డాను. నిన్న రాత్రి షూ పాలిష్ చేసుకుంటుంటే పక్కన కూర్చుని అడిగాను. చాలాసేపు బ్రష్ ఆపలేదు. తర్వాత చెప్పింది, గుడి అంటే ఇష్టమేనంట, క్వయర్‌లో పాడడమంటే ఇంకా ఇష్టమంట. సండే స్కూల్ మాత్రం వద్దంట. మా గుడిలో క్లాసులు విడిగా లేవు, నాలుగేళ్ల వాళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్ల దాకా ఒకటే జంబుఖానా. "నా వయసులో సగం లేని పిల్లలతో చేతులూపుతూ పాడాలి. నోవహు ఓడ, ఆ జలప్రళయం కథే ఆరేళ్లుగా చెప్తున్నారు. నీళ్లలో చచ్చిపోయిన పిల్లలు ఏం తప్పు చేశారని అడిగితే, టీచర్ పాట మొదలుపెట్టింది" అంది. క్రికెట్ రాకముందు నుంచే దానికి వెళ్లాలని లేదంట. మ్యాచ్ ఒక సాకు అయింది, అంతే. మేం ఏడు వారాలు కొట్లాడుకున్నది వేరే దాని గురించి.

ఇంట్లో ప్రార్థన సంగతి అడిగారు కదా టీచరమ్మా. సీరియల్ అయ్యాక అంటాం. సీరియల్ అయ్యేసరికి పాప నిద్రపోతుంది.

సండే స్కూల్ టీచరమ్మ, కడప
మా దగ్గరా ఒకటే జంబుఖానా. అలాంటి ప్రశ్న వస్తే నేనూ పాటే మొదలుపెడతానేమో. జవాబు తెలియక కాదు, ఐదేళ్ల వాళ్లు ముందు కూర్చుని ఉంటారు కదా. పన్నెండు దాటినవాళ్లకి శనివారం సాయంత్రం విడిగా పెట్టమని మా పాస్టరు అయ్యగారిని అడుగుతాను. మీరూ మీ అయ్యగారిని అడగండి.

రిటైర్డ్ హెడ్మాస్టర్, కడప
శనివారం పెడితే మంచిదే. కానీ నెలకొక ఆదివారమైనా, ప్రభురాత్రి భోజన సంస్కారం ఉన్న రోజు, గ్రౌండు మానాలి. అంతకన్నా తగ్గను. పాప అడిగిన ప్రశ్న మాత్రం గట్టిది. నా సర్వీసులో ఏ పిల్లాడూ అడగలేదు.

అనంతపురం అమ్మ
సంస్కారం ఆదివారానికి పాప ఒప్పుకుంది, కోచ్ సార్ ఇంకా ఒప్పుకోలేదు. అయ్యగారితో రేపు మాట్లాడతాం. అత్తమ్మకి ఇక్కడి మాటలన్నీ చదివి వినిపించాను. లోయి దగ్గర "మళ్లీ చదువు" అంది. పాపతో ఇంకా మాట్లాడలేదు గానీ, పొద్దున టిఫిన్ డబ్బాలో ఉగ్గాని పెట్టింది, బజ్జీలు విడిగా కాగితంలో చుట్టి. టవర్ క్లాక్ చుట్టుపక్కల శనివారం సాయంత్రం పెద్ద పిల్లలకి క్లాసు నడిపే సంఘం ఎవరికైనా తెలిస్తే చెప్పండి.