ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు గొడవలు మాటలతో తీర్చుకోవడం ఎలా నేర్పాలి?

నమస్కారం. నేను ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు ఒకే గదిలో పాఠాలు చెబుతున్నాను. మధ్యాహ్న భోజనం వరుసలో ఎవరు ముందు, ఖోఖోలో ఎవరు అవుటయ్యారు, ఇచ్చిన రబ్బరు ఎందుకు తిరిగి రాలేదు వంటి తగాదాలు రోజూ నా దగ్గరికి వస్తాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. అది సరైనదేనని మనస్ఫూర్తిగా నమ్ముతాను, కానీ బెత్తం స్థానంలో ఏముండాలో నాకు ఎవరూ విడమరచి చెప్పలేదు.

రెండు నెలలుగా ఒక పద్ధతి పాటిస్తున్నాను: గొడవపడిన ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరు చెప్పినది రెండోవారు తమ మాటల్లో తిరిగి చెప్పిన తరువాతే తమ వాదన వినిపించాలి. మాటకారి పిల్లలకు ఇది బాగానే పనిచేసింది. నన్ను బాధిస్తున్నది మిగిలినవారి సంగతి. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఒక పాప తన కోపాన్ని తెలుగులో చెప్పుకోలేక, తప్పు తనది కాకపోయినా ‘సారీ’ అనేసి లేచిపోతోంది. దాన్ని రాజీ అని నేను అనుకోలేను.

ఇలాంటి పిల్లలకు బొమ్మలు గీయించడం, సన్నివేశాన్ని నటింపజేయడం మీ తరగతిలో ఉపయోగపడిందా? తోటి పిల్లలనే మధ్యవర్తులుగా నియమిస్తే, ఆ వయసులో స్నేహితుల వైపు మొగ్గకుండా ఎలా చూశారు? అనుభవమున్న ఉపాధ్యాయులు దయచేసి వివరంగా తెలుపగలరు.