అప్‌డేట్: పిల్లల్ని పడుకోబెట్టే గొడవ ఇప్పుడెలా ఉందంటే

పన్నెండేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు రాత్రి పదకొండైనా పడుకోవట్లేదు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో బాగా పనిచేసింది ఫోన్ల సంగతి. పడుకోవడానికి గంట ముందే అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టేస్తున్నాం. మావి కూడా. లేకపోతే బాబు ఒప్పుకునేవాడే కాదు. లైట్లూ తగ్గిస్తున్నాం, వెలుతురు ఎక్కువుంటే నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యమవుతుంది కాబట్టి.

టీనేజ్‌లో నిద్రవేళ సహజంగానే ఆలస్యమవుతుందని మీలో ఒకరు చెప్పాక, బాబుని తొమ్మిదింటికే పడుకోమని పోరడం మానేశాను. వాడి వయసుకి 8–10 గంటలు, పాపకి 9–12 గంటల నిద్ర కావాలి. లేచే టైమ్ నుంచి వెనక్కి లెక్కేసి ఇద్దరికీ వేర్వేరు టైమ్‌లు పెట్టాం.

స్నానం, బ్యాగు సర్దుకోవడం, తర్వాత పుస్తకం. పాప మాత్రం లైటు ఆపాకే కబుర్లు మొదలుపెడుతుంది. స్కూల్లో ఎవరితో గొడవైందో, ఏ పరీక్షకి టెన్షనో అన్నీ అప్పుడే బయటికొస్తాయి. ఆపబుద్ధి కాదు, అందుకే లైటు కాస్త ముందే ఆపేస్తున్నా. ధ్యానం ఆడియో ఇద్దరికీ నచ్చలేదు, వదిలేశాం.

సెలవురోజుల్లో కూడా గంటకు మించి ఆలస్యంగా లేవకూడదన్నారు. బాబు దగ్గర అదింకా కుదరట్లేదు.